ఆపడం తెలిసిన తవ్వకం

కట్టిన భవనాన్ని మెచ్చుకునేవాళ్లు చాలామంది. గోడ నునుపు చూస్తారు, మెట్ల తీరు చూస్తారు, తలుపు చెక్కడం చూస్తారు. ఆ భవనం లేవకముందు తవ్విన గోతిని మెచ్చుకున్నవాళ్లు మాత్రం అరుదు. గొయ్యి తవ్వడంలో పనితనం ఏముంటుంది, యంత్రం పెట్టి మట్టి ఎత్తిపోయడమేగా అనుకుంటాం. రేకుల కంచె పక్కనుంచి రోజూ నడిచిపోతూ దుమ్ముకు ముక్కు మూసుకుంటాం తప్ప లోపలికి తొంగిచూడం.

హైదరాబాదులో ఇరుకు వీధుల మధ్య సెల్లార్ కోసం జరిగే తవ్వకాన్ని కాసేపు నిలబడి గమనిస్తే ఆ అభిప్రాయం నిలవదు. మూడు పక్కలా ఇళ్లు, నాలుగో పక్క రోడ్డు, రోడ్డు కింద మంచినీటి పైపు, మురుగు పైపు, కరెంటు కేబుళ్లు. వీటిలో దేన్నీ కదిలించకుండా పది పన్నెండు అడుగుల లోతుకు దిగాలి. తవ్వడానికి బలం చాలు. ఎక్కడ ఆపాలో తెలియడానికి విద్య కావాలి. హద్దు దగ్గర ఆపాలి, లోతు దగ్గర ఆపాలి, దెబ్బ దగ్గర ఆపాలి. ఈ వృత్తి గొప్పతనమంతా ఆ ఆపడంలోనే ఉందని నా నమ్మకం.

కింద ఏముందో తెలుసుకోవడం

హైదరాబాదు కూర్చున్నది గ్రానైటు మీద. ఆ రాతి వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. పగుళ్లలోంచి దిగిన నీరు యుగాల తరబడి రాతిని తినేయగా పైభాగం మొరంగా మారింది. ఈ కుళ్లడం అంతటా ఒకే తీరున జరగలేదు. పగుళ్లు దగ్గరదగ్గరగా ఉన్నచోట లోతుగా కుళ్లింది, లేనిచోట పైపైనే ఆగిపోయింది. పగుళ్ల మధ్య కుళ్లకుండా మిగిలిన గట్టి ముద్దలే మనం చూసే గుండ్లు. బంజారాహిల్స్, జూబ్లీహిల్స్‌లో మట్టి కొట్టుకుపోయి బయటపడ్డవి కంటికి కనిపిస్తాయి. కనిపించనివి మొరంలో కూరుకుపోయి ఉంటాయి. ఒకే ప్లాటులో ఒక మూల ఆరడుగులకే పరుపుబండ తగలవచ్చు, ఎదుటి మూల ఇరవై అడుగులు దిగినా మొరమే రావచ్చు. మూసీ ఒడ్డునో, పాత చెరువు శిఖంలోనో అయితే నల్లటి బంకమన్ను, ఎవరో ఎప్పుడో పూడ్చిన చెత్త బయటపడతాయి.

అందుకే మంచి పని భూమి పరీక్షతో మొదలవుతుంది. బోరు రాతికి తగిలింది కదా, బండ వచ్చేసినట్టే అనుకుంటే మోసపోతాం. అది గుండు కావచ్చు. దాని కింద మళ్లీ మొరం ఉండవచ్చు. తెలిసినవాళ్లు రాతిలోకి ఇంకా కొన్ని మీటర్లు దించి, లోపలి రాతిని కడ్డీలుగా బయటికి తీసి, వచ్చిన వరుసలోనే పెట్టెలో పేర్చి చూస్తారు. 10 సెంటీమీటర్లకు మించిన ముక్కలన్నిటి పొడవు కూడి, దించిన పొడవులో అది ఎంత శాతమో లెక్కగడతారు. ముక్కలు పొడుగ్గా వస్తే రాయి గట్టిది, చిల్లరగా వస్తే పగుళ్లమయం. ఈ ఓపిక లేకపోతే ఒక స్తంభం పునాది గుండు మీద, పక్క స్తంభం పునాది మొరం మీద పడుతుంది. ఒకటి దిగదు, రెండోది దిగుతుంది. ఆ తేడా పైఅంతస్తు గోడల్లో బీటలై కనిపిస్తుంది.

హద్దు దగ్గర ఆపడం

మొదటి పార మట్టిలో దిగకముందే పొరుగిళ్లను చూడాలి. ప్రతి గోడనూ ఫొటో తీసి, ఉన్న పగుళ్లను తేదీతో సహా రాసుకుంటారు. పెద్ద పగులు ఉన్నచోట దానికి అడ్డంగా చిన్న గాజు పలకను అతికిస్తారు. గాజు సాగదు. గోడ కాస్త కదిలినా పుటుక్కున విరిగి చెప్పేస్తుంది. ఖరీదైన పరికరాలు ఎన్ని వచ్చినా, రోజూ పొద్దున్నే ఆ గాజు ముక్కల్ని చూసి వచ్చే మేస్త్రీ మీద నాకు ఎక్కువ గౌరవం.

ఆ తర్వాత మార్కింగు. హద్దురాళ్లు వెతికి, దారం లాగి, మూడు నాలుగు అయిదు కొలతతో మూలమట్టం సరిచూస్తారు. ఇప్పుడు టోటల్ స్టేషన్ అనే కొలత పరికరం ఉన్నా, దారంతో ఇంకోసారి చూసుకునే అలవాటు మంచి మేస్త్రీలకు పోలేదు. 2012 నాటి జీవో 168 భవన నిబంధనలు సెల్లార్‌కు హద్దు నుంచి కనీసం మీటరున్నర వదలమన్నాయి. ప్లాటు పెరిగేకొద్దీ ఆ దూరం పెరుగుతుంది. ఒకటికి మించి సెల్లార్లు ఉంటే ప్రతి అదనపు సెల్లార్‌కూ ఇంకో అర మీటరు వెనక్కి జరగాలి. లోతు పెరిగేకొద్దీ పొరుగునేల మీద పడే ప్రభావం పెరుగుతుంది కాబట్టి ఈ నియమం. ఆ అర మీటరులో ఒక కారు అదనంగా పట్టవచ్చు. అయినా దాన్ని ముట్టుకోకపోవడంలోనే పనివాడి నిజాయితీ తెలుస్తుంది.

మట్టికి కూడా ఎత్తు, బరువుల లెక్క ఉంది. మీటరున్నర మించి లోతైన గోతికి పక్కలను మెట్లుమెట్లుగానైనా వాలుగానైనా కోయాలి, లేదా గట్టి ఆసరా పెట్టాలి అని ప్రభుత్వ పనుల నియమాలు చెబుతాయి. తవ్విన మట్టిని అంచుకు మీటరున్నర లోపల గానీ, గోతి లోతులో సగం దూరం లోపల గానీ పోయకూడదు. రెంటిలో ఏది ఎక్కువైతే అదే లెక్క. అడుగున కోసి పైమట్టి తనంతట తానే పడేలా చేయడం పూర్తిగా నిషిద్ధం. పని త్వరగా అవుతుందని చేసే ఆ ఒక్క తప్పే ‘మట్టిపెళ్లలు విరిగిపడి కూలీల మృతి’ అని మనం పత్రికల్లో చదివే వార్తలకు దారితీయవచ్చు.

నగరంలో వాలుగా కోయడానికి చోటుండదు. నిట్టనిలువుగానే దిగాలి. మొరం గోడకు ఒక మాయ ఉంది. ఎండాకాలంలో కోస్తే వారాల తరబడి కదలకుండా నిలబడుతుంది. ఇక దీనికి ఆసరా ఎందుకనిపిస్తుంది. కానీ అసలు రాతిలో ఉన్న పగుళ్లు మొరంలోనూ పోకుండా ఉంటాయి. మొదటి వానకు వాటిలోకి నీరు చేరగానే అంతవరకూ గోడలా నిలిచిన మట్టి పలకలు పలకలుగా జారిపోతుంది. జీహెచ్‌ఎంసీ వానాకాలానికి ముందు సెల్లార్ తవ్వకాలను కట్టడి చేసేది ఇందుకే. 2024 నవంబరులో గచ్చిబౌలి దగ్గర సిద్దిఖ్‌నగర్‌లో పక్క స్థలంలో పునాదుల కోసం తవ్వుతుండగా ఒక బహుళ అంతస్తుల ఇల్లు ఒరిగింది. అందులోని కుటుంబాలను ఖాళీ చేయించి, చివరికి ఆ ఇంటినే కూల్చాల్సి వచ్చింది.

ఈ ముప్పుకు విరుగుడుగా వచ్చిన సాయిల్ నెయిలింగ్ పని చూడముచ్చటగా ఉంటుంది. గొయ్యి మొత్తం ఒకేసారి తవ్వరు. మీటరున్నర దిగి ఆపుతారు. గోడలోకి కొద్దిగా కిందికి వంగేలా, పది పదిహేను డిగ్రీల వాలుతో రంధ్రాలు వేస్తారు. ఒక్కోదాంట్లో ఇనుప కడ్డీ దించి సిమెంటు పాలు పోస్తారు. గోడకు వల బిగించి, దానిమీద కాంక్రీటును గొట్టంతో చిమ్ముతారు. వెనక నీరు నిలవకుండా మధ్యమధ్య పైపు ముక్కలు వదులుతారు. అది గట్టిపడ్డాకే ఇంకో మీటరున్నర. కాంక్రీటు చిమ్మే మనిషి గొట్టాన్ని గోడకు లంబంగా, ఒకే దూరంలో పట్టి చిన్నచిన్న సున్నాలు చుడుతూ కింద నుంచి పైకి వస్తాడు. దూరం పెరిగితే కాంక్రీటు ఎగిరి కిందపడుతుంది, తగ్గితే పొర చెదురుతుంది. కొలబద్ద లేకుండా చేతి అంచనాతో మూడు నాలుగు అంగుళాల పొర సమంగా తేవడం అలవాటైన చేతికే సాధ్యం.

దెబ్బ దగ్గర ఆపడం

మొరం అయ్యాక అసలు పరీక్ష. పరుపుబండ బయటపడుతుంది. ఇక్కడ వడ్డెరల అనుభవానికి సాటి లేదు. బావులు తవ్వి, చెరువు కట్టలు పోసి, రాయి కొట్టి ఈ నేలలో కట్టడాలకు తరతరాలుగా ఆధారమిచ్చినవాళ్లు వాళ్లే. పనివాడు బండ మీద సుత్తితో కొట్టి వింటాడు. ఖంగుమంటే లోపల ఒకే రాయి. బోలుగా మోగితే కింద పగులుంది. తడిపి చూస్తాడు. ఆరేటప్పుడు సన్నటి నెర్రె దగ్గర తడి ఆలస్యంగా పోతుంది. రాయి ఎటు సులువుగా చీలుతుందో, ఎటు మొండికేస్తుందో అతనికి తెలుసు.

గ్రానైటును నొక్కి విరగ్గొట్టడం కష్టం. నొక్కితే అది తట్టుకునే బలంలో లాగితే తట్టుకునేది సుమారు పదో వంతే. రాతిపని మొత్తం ఈ ఒక్క బలహీనత మీదే నడుస్తుంది. వరసగా రంధ్రాలు వేస్తారు. ప్రతి రంధ్రంలో రెండు ఇనుప రేకులు, వాటి మధ్య మేకు. సమ్మెటతో మొదటి మేకు మీద ఒక దెబ్బ, రెండోదాని మీద ఒకటి, అలా వరస చివరిదాకా. తర్వాత ఆగుతాడు. మళ్లీ మొదటి నుంచి ఒక్కో దెబ్బ. మేకు బిగిసేకొద్దీ మోత సన్నబడుతూ పోతుంది. తొందరపడి ఒకే మేకును దింపితే రాయి తనకు నచ్చిన దారిన విరుగుతుంది. ఆగి, సమంగా కొడితే గీత గీసినట్టు పగులుతుంది. ఆ చీలిన ముఖం చూసి మేస్త్రీ ఎంత ఓపికగలవాడో చెప్పవచ్చు. అక్కడే సైజు రాళ్లు కొట్టి పునాదులకు, ప్రహరీలకు పంపుతారు. మిగిలింది క్రషర్‌కు వెళ్లి కంకరగా, రోబో ఇసుకగా మారుతుంది.

ఈ పాత సూత్రమే కొత్త రూపాల్లోనూ ఉంది. రంధ్రాల్లో సున్నం ఆధారమైన పొడిని నీటితో కలిపి పోస్తే అది కొన్ని గంటల్లో ఉబ్బి, చప్పుడు లేకుండా బండను చీలుస్తుంది. ఎండను బట్టి పొడి రకం మార్చాలి. ఏప్రిల్ ఎండలో డిసెంబరు రకం పోస్తే అది రంధ్రంలోంచి ఎగదన్ని పనివాడి ముఖం మీదికి చిమ్మవచ్చు. అందుకే పోశాక రంధ్రంలోకి వంగి చూడకూడదన్నది మొదటి పాఠం. ప్రహరీ పక్కన అయితే హద్దు గీత వెంట దగ్గరదగ్గరగా రంధ్రాలు వేసుకుంటూ పోతారు. లోపలి రాయి పగిలినా, ఆ అదురు, పగులు గీత దాటి అవతలికి పోకుండా ఇవి చాలావరకు అడ్డుకుంటాయి. ఇంకా నున్నగా కావాలంటే వజ్రపు పూసలున్న తీగను రెండు రంధ్రాల్లోంచి చుట్టి, నీళ్లు పోస్తూ తిప్పి బండను కోస్తారు. పేలుడు అవసరమైతే లైసెన్సున్న బ్లాస్టరు తక్కువ మందుతో, ఒక్కో రంధ్రం మిల్లీసెకన్ల తేడాతో పేలేలా అమర్చి, పైన బరువైన చాపలు కప్పి పేలుస్తాడు. అన్నీ ఒకేసారి పేలితే వచ్చే అదురు అలా ముక్కలుగా పంచుకుపోతుంది.

ఇక బండను యంత్రంతో పగలగొట్టే బ్రేకర్ ఆపరేటర్. వీధిలో మనకు వినిపించే దడదడలన్నీ అతనివే. పని తెలియనివాడు బండ నడిమధ్యన ఉలి ఆనించి గంటల తరబడి కొడుతూనే ఉంటాడు. రాయి పొడి అవుతుంది తప్ప పగలదు. పని తెలిసినవాడు ముందు ఒక పక్క గాడి తీసి రాతికి పగిలి పడే చోటు చూపిస్తాడు. తర్వాత అంచుకు దగ్గరగా, రాతికి నిటారుగా ఉలి ఆనిస్తాడు. పావునిమిషం, మహా అయితే అర నిమిషం. పగలకపోతే ఆపి, చోటు మారుస్తాడు. ఉలితో రాయిని పెకలించబోడు. రాయి విరిగిన క్షణంలోనే దెబ్బ ఆపేస్తాడు. గాలిలోకి కొట్టిన ఒక్క ఖాళీ దెబ్బ కూడా యంత్రానికి చేటని అతనికి తెలుసు. బయటికి ఒకటే రొదలా వినిపించేదానిలో ఇంత లెక్క ఉంది.

రాతిపనిలో పనితనంతోపాటు ప్రాణం సంగతీ చెప్పాలి. గ్రానైటు దుమ్ములో సిలికా ఉంటుంది. అది ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్, దానికి మందు లేదు. డ్రిల్లు పడేచోట నీటి ధార పెడితే ఆ దుమ్మును చాలావరకు ఆపవచ్చు. నీరు లేకుండా డ్రిల్లింగు చేయించడం పొదుపు కాదు, పనివాడి ఆయుష్షును ఖర్చు పెట్టడం.

బయటికి పంపే లెక్క

గొయ్యి 300 చదరపు మీటర్లు, లోతు మూడున్నర మీటర్లు అనుకుందాం. 1,050 ఘనపు మీటర్లు. తవ్వితే మట్టి, రాయి పొంగుతాయి. సగం మొరం, సగం రాయి అనుకుని, మొరానికి పావు వంతు, రాతికి సగం చొప్పున పెరుగుదల వేస్తే సుమారు 1,440 అవుతుంది. టిప్పరుకు 12 చొప్పున 120 ట్రిప్పులు. పగలు భారీ వాహనాలకు నగరంలో ఆంక్షలు ఉంటాయి కాబట్టి చాలావరకు రాత్రిపూటే. ఒక టిప్పరు నిండేసరికి ఇంకోటి వచ్చి నిలవాలి. సందులో రెండు ఎదురుపడకూడదు.

లోపలికి దిగే ర్యాంపు కూడా మట్టిదే. దాన్ని చివరికి ఎలా తీయాలన్నది మొదటి రోజే తేల్చుకోవాలి. యంత్రం వెనక్కి వస్తూ, తాను నిలబడ్డ ర్యాంపును తానే కొరుక్కుంటూ పైకి ఎక్కుతుంది. మిగిలిన మట్టిని పొడుగు చెయ్యి ఉన్న యంత్రం రోడ్డు మీద నిలబడి అందుకుంటుంది. అడుగున ఇంకా పని ఉంటే చిన్న యంత్రాన్ని లోపలే ఉంచి, చివర్లో క్రేనుతో పైకి తీస్తారు. ఈ వరుస తప్పితే ఒక మూల మట్టి ఎవరికీ అందకుండా మిగిలిపోతుంది.

నీటి రంగు

మొరం అడుగున, రాతి పగుళ్లలో నీరు ఉంటుంది. గొయ్యి అక్కడికి చేరగానే ఊట మొదలవుతుంది. పల్లపు మూల సంపు తీసి మోటారు పెడతారు. జాగ్రత్తగల సూపర్‌వైజరు ఎంత నీరు వస్తోందన్నదానితో ఆగడు, రంగు కూడా చూస్తాడు. తేటగా వస్తే ఫరవాలేదు. బురదగా వస్తే అది ఎవరింటి కిందనుంచో మట్టిని మోసుకొస్తోందన్నమాట. వెంటనే తోడడం తగ్గించి, ఊట నోటి దగ్గర కంకర వడపోత కట్టాలి. కృష్ణ ఒడ్డున విజయవాడ లాంటి చోట్ల ఒండ్రు, ఇసుక నేలల్లో రాతికన్నా ఈ నీటి పనే పెద్దది. గొయ్యి చుట్టూ సన్నటి గొట్టాలు దించి, నీటిమట్టాన్ని ముందే కిందికి లాగి, ఆ తర్వాతే తవ్వుతారు.

అడుగు స్లాబు పడ్డాక మోటారు ఆపేయడం మరో తొందరపాటు. ఒక మీటరు నీరు చదరపు మీటరుకు ఒక టన్ను చొప్పున పైకి తోస్తుంది. స్లాబుకు మూడు మీటర్ల పైదాకా నీరు చేరితే 300 చదరపు మీటర్ల సెల్లార్ కింద ఆ తోపు 900 టన్నులు. పైన తగినంత బరువు పడేదాకా ఖాళీ సెల్లార్ నీటిలో పడవే. ఆ బరువు వచ్చిందని ఇంజినీరు లెక్కగట్టి చెప్పేదాకా మోటారు తిరగాలి.

లోతు దగ్గర ఆపడం

నాకు అన్నిటికన్నా ముచ్చటగొలిపేది చివరి అరడుగు. మట్టి నేలలో యంత్రం కావలసిన లోతుకు అరడుగు, అడుగు పైనే ఆగిపోతుంది. బకెట్ పళ్లు కింది నేలను గుల్ల చేస్తాయి, తెరిచి ఉంచితే ఎండ, వాన దాన్ని పాడుచేస్తాయి. కాబట్టి ఆ పొరను కాంక్రీటు వేసే ముందు మనుషులు పారలతో తీస్తారు. ట్యూబ్ లెవెల్‌తో మట్టం చూసుకుంటూ, గీకుతూ, ఊడుస్తూ పోతారు. ఒకవేళ లోతు ఎక్కువైతే? తవ్విన మట్టినే మళ్లీ పోసి తొక్కేస్తే ఎవరికీ తెలియదు. కానీ కదిలిన మట్టి కదలని మట్టితో సమానం కాదు. ఆ లోతును కాంక్రీటుతోనే నింపాలి, ఖర్చు తవ్వినవాడిదే అని నియమం. బండ వచ్చిన చోట వాలు ఉంటే మెట్లుగా కొట్టాలి. ఊగే ముక్కల్ని తీసేసి, గాలితో, నీటితో కడగాలి. మొరంలో మెత్తటి జేబు తగిలితే గట్టినేల వచ్చేదాకా తీసి కాంక్రీటుతో నింపాలి. చెదల మందు కొట్టాలి. ఆ తర్వాత నాలుగంగుళాల పీసీసీ, అంటే పునాది కింద పరిచే సాదా కాంక్రీటు.

పూర్వం మట్టిపని కొలవడానికి గోతిలో అక్కడక్కడ చిన్న దిమ్మల్ని తవ్వకుండా వదిలేవారు. అసలు నేల ఎంత ఎత్తున ఉండేదో, ఎంత తవ్వారో అవి సాక్ష్యం చెప్పేవి. కొలత కాగానే వాటినీ తీసేసేవారు. ఇప్పుడు పరికరాలు ఆ పని చేస్తున్నాయి. పీసీసీ పడిన రోజుతో ఈ పనివాళ్ల పనికి ఏ సాక్ష్యమూ మిగలదు. సమంగా చీల్చిన బండ, ఊడ్చిన అడుగు, చెక్కుచెదరని పొరుగు గోడ, వీటిలో మొదటి రెండూ కాంక్రీటు కిందికి వెళ్లిపోతాయి. మూడోదాన్ని ఎవరూ పని కింద లెక్కించరు.

ఇల్లో, అపార్ట్‌మెంటో కట్టించబోయేవాళ్లకు నా విన్నపం ఇదే. భూమి పరీక్షకు, గోడ ఆసరాకు పెట్టే డబ్బును వృథా ఖర్చనుకోకండి. వానాకాలం ముందు తొందరపెట్టకండి. హద్దు దగ్గర ఇంకో అడుగు జరగమని మేస్త్రీని ఒత్తిడి చేయకండి. రేటు మాట్లాడేటప్పుడు హెల్మెట్లు, మాస్కులు, డ్రిల్లుకు నీరు అందులోనే కలపండి. పీసీసీ వేసే ముందు రోజు నిచ్చెన దిగి మీ గొయ్యి అడుగు చూడండి. ఆ పని బాగుంటే చేసినవాళ్లతో బాగుందని చెప్పండి. మరునాటి నుంచి దాన్ని ఎవరూ చూడలేరు.